వీపు మట్టికి తాకందాక

యాకూబుకు అరవై దాటాయి. ఎల్లారెడ్డి పక్కనున్న ఆ పల్లెలో ఆయన్ని అందరూ మొండి యాకూబు అంటారు. ఊరికే అనరు. చుట్టుపక్కల డప్పులన్నీ ప్లాస్టిక్ పొరకు మారిపోయినా ఆయన మాత్రం మేకతోలు డప్పే భుజాన వేసుకుని తిరుగుతాడు. ప్లాస్టిక్ డప్పు ఎప్పుడు కొడితే అప్పుడు మోగుతుంది. తోలు డప్పుకు నఖరాలెక్కువ. మంటకు కాచి బిగువెక్కిస్తేనే పలుకుతుంది, కాస్త మంచు తగిలిందా, మూతి ముడుచుకుంటుంది. ఎందుకింత తిప్పలని ఎవరైనా అడిగితే, "బకీటు మీద కొట్టినట్టుంటది, గదీ ఒక డప్పేనా?" అని ఎదురు గద్దిస్తాడు.

పొద్దంతా కూలి పని, లేదంటే కౌలు పొలం. ఆదివారం చర్చి. పిలుపొస్తే డప్పు. ఇదీ ఆయన బతుకు. పెండ్లికొక దెబ్బ, బోనాలకొక దెబ్బ, చావుకొక దెబ్బ, దేని దెబ్బ దానిదే. ప్రాణమున్న మనిషికి చావు దెబ్బ వేయొద్దని తండ్రి చిన్నప్పుడే ఒట్టు వేయించుకున్నాడు. ఎన్నికలప్పుడు పార్టీ వాళ్ళు ఎదుటి నాయకుడి దిష్టిబొమ్మ చేసి, శవయాత్రకు రమ్మని ఆటో పంపితే, యాకూబు డప్పు పుల్లలు తలకింద పెట్టుకుని ముసుగుతన్ని పడుకున్నాడు. ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి పోయాడు గానీ ఆయన మాత్రం లేవలేదు.

ఆయన దగ్గర ఇంకో దెబ్బ ఉంది. ఎల్లారెడ్డి వైపు ఎవరికీ రాదు. భార్య సాలవ్వది జుక్కల్ పక్క ఊరు. అక్కడ డప్పును హల్గి అంటారు, జాతరలో కుస్తీలు పెడతారు. గెలిచినవాడికి కొబ్బరికాయ ఇచ్చే కుస్తీతో మొదలై వెండి కడెం ఇచ్చే కుస్తీతో ముగుస్తాయి. కొత్తల్లుడిగా జాతరకు పోయిన యాకూబుకు మామ ఆ కుస్తీ దెబ్బ నేర్పాడు. ఇద్దరు పట్టు పట్టగానే దెబ్బ మొదలవ్వాలి. ఒకడు బోర్లా కిందపడి, పైవాడు మీదెక్కి, జనమంతా అయిపోయిందనుకుని లేచినా సరే, కిందివాడి వీపు మట్టికి తాకేదాకా దెబ్బ ఆగకూడదు. "కిందవడ్డోడు మన సప్పుడు ఇనుకుంటనే లేస్తడు అల్లుడా. నువ్వు ఆపినవా, ఆన్ని నువ్వే ఓడగొట్టినట్టు" అన్నాడు మామ. ఆ దెబ్బ యాకూబు ఎప్పుడు వేసినా సాలవ్వ మూతి తిప్పుతుంది. "మా జుక్కలోళ్ల దెబ్బ గిట్లుండది. నీ చేతికి ఇంక రాలే" అంటుంది. ముప్పై ఏళ్లుగా అదే మాట.

వాళ్ళ కొడుకు జోయల్ కామారెడ్డిలో మొబైల్ షాపులో పని చేస్తాడు. వాడికి ఫుట్‌బాల్ పిచ్చి. హైదరాబాదులో గోలకొండ అని ఒక క్లబ్బు ఉంది, జీతాలిచ్చి ఆటగాళ్లను పెట్టుకుని లీగులో ఆడుతుంది. జోయలూ, వాడి దోస్తులూ ఆ జట్టంటే పడి చస్తారు. దానికి కారణముంది. జట్టు గోల్‌కీపర్ సాయికిరణ్‌ది జుక్కల్. మన జిల్లా పిల్లగాడు గోలు ముందు నిలబడ్డాడని నిరుడు బ్యానర్లు కూడా కట్టారు. ఈ ఏడు సీజన్ మొదలైంది, ఐదు ఆటలు అయ్యాయి, జట్టు ఒక్కటీ గెలవలేదు.

పొలానికి మందు బస్తాల కోసం కామారెడ్డి వచ్చిన యాకూబు, కొడుకు కోసం బస్టాండు పక్క చాయ్ హోటల్లో కూర్చుని ఆ పంచాయితీ మొత్తం విన్నాడు.

"కోచ్‌ను ఎల్లగొట్టాలె. ఐదు ఆటలల్ల ఐదు తీర్ల ఆడిపిచ్చిండు" అన్నాడు సంతోష్. టైర్ల షాపు అతనిదే. గొంతు పెద్దది.

"కోచేం జేస్తడన్నా? ముంగట ఆడెటోళ్లకు గోలే కనవడ్తలేదాయె" అన్నాడు వంశీ.

"సీజన్ ఇప్పుడే షురువైంది, జర ఓపిక వట్టుండ్రి" అన్నాడు జీవన్. ఆ ఒక్క మాటకు అందరూ కలిసి అతని మీద పడ్డారు. ఓపిక పడుతూ పోతే కిందినుంచి ఫస్టు వస్తామని ఒకడు, ఓపిక అమ్మే దుకాణం పెట్టుకో పొమ్మని ఇంకొకడు. ఫోన్లో వేలమంది ఇదే రాస్తున్నారని జోయల్ చదివి వినిపించాడు. చివరికి అందరి వేళ్ళూ ఒకే మనిషి మీదికి తిరిగాయి.

"అవి చేతులా, జల్లెడలా? ఏ బాలు వచ్చినా లోపటికే" అన్నాడు సంతోష్. "మనోడు మనోడని గల్ల ఎగరేసినం. ఇజ్జత్ తీసిండు." అంటూ అంటూ అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందున్న చాయ్ మీగడ కట్టింది.

యాకూబు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఇంత పెద్ద మనిషి, మీసాలున్నవాడు, ఏడుస్తున్నాడు. మొన్న వానకు తన వరి మొత్తం మునిగితే సొంత తమ్ముడు కూడా ఇలా ఏడవలేదు.

"వాళ్ళు మీకేమైతరు బిడ్డా?" అని అడిగాడు కొడుకుని.

"మన టీము బాపు."

"మీరు వాళ్ళకు తెలుసా?"

"మేమెట్ల తెలుస్తం?"

తమను ఎరగనివాళ్ళ కోసం కన్నీళ్ళు పెట్టుకునే జనం ఉంటారా! యాకూబు దారి పొడవునా అదే తలుచుకుంటూ ఊరికి పోయాడు.

ఆ వారమే కబురు తెలిసింది. హైదరాబాదు మైదానంలో గడ్డి మళ్ళీ వేస్తున్నారట, ఆరో ఆట కామారెడ్డి స్టేడియంలో పెట్టారు. జోయల్ ఇంటికొచ్చి, డప్పు తీసుకుని రా బాపు, మనోళ్ళ మధ్య కూర్చుని కొట్టాలి అన్నాడు. యాకూబు పొంగిపోయాడు. పెండ్లిలోనూ చావులోనూ డప్పువాడు ముందు నడుస్తాడు, వెనక జరిగే ముచ్చట ఎప్పుడూ చూడలేడు. ఈసారి కూర్చుని చూడొచ్చు. కొడుకు సగం సంగతే చెప్పి మిగతా సగం మింగేశాడని పాపం ఆయనకేం తెలుసు.

ఆట రోజు మధ్యాహ్నం స్టేడియం గేటు దగ్గర, చాయ్ బండి వెనక, గోడకు ఆనించి పాడె కనిపించింది. పచ్చి వెదురుబొంగులు, గడ్డి పరుపు, పక్కన కుండ. డెబ్బై చావులు చూసిన కళ్ళు, పాడెను గుర్తుపట్టడానికి ఎంతసేపు? యాకూబు తలకు చుట్టుకున్న తువ్వాల తీసేశాడు.

"ఎవరు పోయిండ్రు బిడ్డా?"

"మన గోల్‌కీపరే, పెద్దబాపు" అన్నాడు వంశీ నవ్వు ఆపుకుంటూ.

యాకూబు అక్కడే చతికిలబడ్డాడు. "అయ్యో దేవా! జుక్కల్ పిల్లగాడా? ఏమైందిరా? తల్లి ఉన్నదా? పోరడు పోయిన దినమే ఆట పెడ్తరా, మీకు మనసెట్లొచ్చిందిరా!" అని ఒకటే తిట్టడం మొదలుపెట్టాడు. కుర్రాళ్ళు మొదట నవ్వారు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు చూసి నవ్వు ఆపేశారు. ఇక జోయల్‌కు చెప్పక తప్పలేదు. పిల్లగాడు బాగానే ఉన్నాడు. ఇవాళ కూడా ఓడితే అతని జెర్సీ వేసిన దిష్టిబొమ్మను పాడె మీద పెట్టి, ఇక్కడినుంచి బస్టాండు దాకా శవయాత్ర తీస్తారు. చావు దెబ్బ మా బాపు వేస్తాడని జోయల్ మాటిచ్చాడు.

యాకూబు లేచి కొడుకు ముఖంలోకి చూశాడు. "సచ్చినోనికి కొట్టిన. బతికున్నోనికి కొట్టిన చెయ్యి కాదిది."

"బొమ్మకే కదా బాపు. అందరి ముంగట నా పరువు తియ్యకు."

"నీ పరువుకు నేను పోరని పానం తియ్యాల్నా?"

సంతోష్ మధ్యలోకి వచ్చాడు. "పెద్దబాపు, నువ్వు కొట్టకుంటే పోనీ, బ్యాండోళ్లను పిలుస్తం. శవయాత్ర అయితే ఆగది." జోయల్ తల వంచుకుని నిలబడ్డాడు. కొడుకుని వదిలి పోలేక, ఆట చూడాలన్న ఆశ చావక, యాకూబు చాయ్ బండి పొయ్యి దగ్గర డప్పు కాచుకుని లోపలికి నడిచాడు. గేటు దగ్గర పోలీసాయన అగ్గిపెట్టె గుంజుకున్నాడు.

లోపల అడుగుపెట్టగానే ఆయన మెట్ల మీదే ఆగిపోయాడు. ఎంత జనం! బాన్సువాడ నుంచి, మద్నూర్ నుంచి, ఎక్కడెక్కడినుంచో వచ్చారు. కొడుకు ఫోన్లో బొటనవేలంత కనిపించిన మనుషులు ఇక్కడ దర్వాజా ఎత్తున ఉన్నారు. ఒకడు బంతిని తన్నితే ఆ చప్పుడు యాకూబు రొమ్ములో మోగింది. ఆయన పుల్లలు పట్టుకున్నాడు గానీ కొట్టడం మరిచిపోయాడు. ఇరవైరెండు మంది పరుగెడుతుంటే వేలమంది ఊపిరి ఒక్కటిగా లోపలికి పోతోంది, ఒక్కటిగా బయటికి వస్తోంది. చర్చిలో పండుగ రోజు ప్రార్థనలో కూడా ఇలాంటిది ఆయన చూడలేదు.

మొదటి సగంలోనే అవతలి జట్టు ఒక గోలు వేసింది. రెండో సగానికి జట్లు వైపులు మారాయి, సాయికిరణ్ సరిగ్గా వీళ్ళ ముందున్న గోలు దగ్గరికి వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు. మీసం కూడా సరిగ్గా రాలేదు. అందరూ గుంపుగా ఉరుకుతుంటే ఇతనొక్కడే విడిగా, ఎవరూ పలకరించకుండా, నిలబడ్డాడు. వెనకనుంచి తిట్లు పడుతూనే ఉన్నాయి.

"నీ పాడె కట్టినం రా సాయికిరణ్!" అని అరిచాడు సంతోష్.

ఆ మాట అతనికి వినబడింది. భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. కానీ తల తిప్పలేదు, చోటు కదల్లేదు. యాకూబుకు అతని వీపే కనిపిస్తోంది. తననైతే ఒక్కడు తిడితేనే మూడు రోజులు అన్నం సయించదు. ఇంతమంది కలిసి పాడె మాట ఎత్తినా ఈ పోరడు ఆ గోలు ముందు ఎట్లా నిలబడ్డాడు! ఇదెక్కడి గుండెరా నాయనా అనుకున్నాడు.

పొద్దు వాలింది, మంచు దిగింది. ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా ఈల మోగింది. మనోడొకడు అవతలివాడిని కాలడ్డం పెట్టి పడేశాడు. "పెనాల్టీ బాపు" అన్నాడు జోయల్ నీరసంగా. "ఇగ వాడొక్కడు తంతడు, వీడొక్కడు ఆపాలె. ఎవ్వరు అడ్డం పోరు." కొందరు లేచి బయటికి నడిచారు. బొమ్మకు జెర్సీ తొడగండని సంతోష్ ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు.

జనమంతా అయిపోయిందనుకుని లేవడం యాకూబు ఇదివరకు చూసిందే. జుక్కల్ జాతరలో చూశాడు. ఎప్పుడు లేచాడో, ఎప్పుడు డప్పు రొమ్ముకు హత్తుకున్నాడో ఆయనకే తెలియదు. కుస్తీ దెబ్బ మొదలైంది. మంచుకు తోలు మెత్తబడి చప్పుడు బొంగురుగా వస్తోంది. అయినా ఆపలేదు, ఇంకా బలంగా బాదాడు.

అంతసేపూ ఎన్ని తిట్లకూ తిరగని తల అప్పుడు తిరిగింది. సాయికిరణ్ జనంలో వెతికాడు. డప్పు కనిపించింది. ఒక్క క్షణం అలాగే చూశాడు. తర్వాత వంగి, గోలు ముందు గడ్డి లేచిపోయిన చోట చారెడు మట్టి తీసి రెండు చేతులకూ రుద్దుకున్నాడు. తొడ చరిచాడు.

అవతలివాడు తన్నాడు. బంతి మూలకు పోయింది. ఈ పోరడు పక్కకు దూకి, గాలిలో సాగి, వేళ్ళ చివరలతో దాన్ని నెట్టేశాడు.

స్టేడియం కూలిందనుకున్నాడు యాకూబు. బయటికి పోతున్నవాళ్ళు వెనక్కి ఉరికి వచ్చారు. సంతోష్ ఎవరినో పట్టుకుని ఎగురుతున్నాడు. ఎవరినో కాదు, ఓపిక పట్టమన్న జీవన్‌నే.

అయినా ఆట ఓడిపోయారు. అది మాత్రం మారలేదు. గేటు బయట పాడె సిద్ధంగా ఉంది, జెర్సీ తొడిగిన గడ్డిబొమ్మ దాని మీద వెల్లకిలా పడుకుంది. కుర్రాళ్ళు చుట్టూ నిలబడ్డారు. ఒకరి ముఖం ఒకరు చూడట్లేదు. "ఓడితే తీస్తమన్నం, ఓడిండ్రు. మాటంటే మాట" అన్నాడు సంతోష్. గొంతులో మునుపటి జోరు లేదు. "ఏమంటవ్ పెద్దబాపు?"

యాకూబు బొమ్మ వైపు చూశాడు. "మా మామ ఒక్కటే చెప్పిండు. వీపు మట్టికి తాకందాక సప్పుడు ఆపొద్దని. ఈ బొమ్మను మీరే ఎల్లెలుకల పండవెట్టిండ్రు. ఆ పోరని వీపు నేను ఆటంత సూసిన, యాడ తాకలే."

ఆయన డప్పు చేత్తో తట్టి చూసుకున్నాడు. అది తడి గోనెసంచిలా పలికింది.

"నా డప్పు మెత్తవడ్డది. జోయలూ, ఆ గడ్డి ఇటు తే."

జోయల్ కదిలాడు. బొమ్మ ఒంటి మీది జెర్సీ మెల్లగా విప్పి, దులిపి, సంతోష్ చేతికిచ్చాడు. సంతోష్ దాన్ని మడత పెట్టి చంకలో పెట్టుకున్నాడు. తర్వాత తనే వంగి పాడె కట్లు తెంపాడు, వెదురు విరిచాడు. బొమ్మలోని గడ్డి కుప్పగా పోసి అంటించారు. మంట లేచింది. యాకూబు డప్పును తిప్పి తిప్పి కాచాడు. తోలు బిగిసి, గోటితో మీటగానే ఖణేలుమంది.

జట్టు బస్సు గేటు దాటి వచ్చేసరికి కుస్తీ దెబ్బ బస్టాండు దాకా వినబడుతోంది. కిటికీ అద్దం జరిగి పొడుగాటి చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. బస్సు నెమ్మదించింది.

"తాతా, మీది జుక్కలా?" అని అరిచాడు సాయికిరణ్. "మా జాతర దెబ్బ అది!"

యాకూబు జవాబు చెప్పలేకపోయాడు. కొట్టడం ఆపితే కదా చెప్పడానికి. బస్సు మలుపు తిరిగిపోయాక మాత్రం చెమట తుడుచుకుని కొడుకు వైపు తిరిగాడు.

"ఫోన్ చెయ్‌రా మీ అమ్మకు" అన్నాడు. "జుక్కలోడే గుర్తువట్టిండని చెప్పు."