నా ఎత్తుకు కుదిరిన స్టాండు

బోధన్‌లో మా బాపుది చెరకు ట్రాలీలు బాగుచేసే షాపు. ఎప్పుడూ నేల మీద కూర్చునే పనిచేస్తాడు. సోమవారం నేను పుణెలో ఉద్యోగంలో చేరాలి. వెళ్లేలోపు ఆయన నడుముకు సుఖంగా ఉంటుందని, ఇనుప ముక్కను కదలకుండా పట్టే వైస్ బిగించడానికి కంప్యూటర్లో ఒక స్టాండు గీసి, నేనే వెల్డింగ్ చేశాను. ఈ రోజు దాన్ని నేలకు బోల్టులతో బిగించాను.

బాపు నిలబడితే వైస్ ఆయన ఛాతీకి తగిలింది. కంప్యూటర్లో ఆయనది కాకుండా నా మోచేతి ఎత్తు ఇచ్చానని అప్పుడు గుర్తొచ్చింది.

“స్టాండు కాళ్లు కోసి పొట్టిగ చేస్త బాపూ,” అన్నాను.

“ఎందుకు కోసుడు? నీకు మంచిగ కుదిరింది. ఇగ నువ్వే నిలబడు బిడ్డా!” అని నా చేతిలో ఇనుము అరగదీసే ఆకురాయి పెట్టి, హాయిగా నేల మీద కూర్చున్నాడు.

సాయంత్రం దాకా నిలబడే ఉన్నాను. బోల్టులు బిగించింది స్టాండుకేనంటారా?