వంగని చిటికెన వేలు

గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడమంటే పనీపాటా లేకపోవడమని లోకం అనుకుంటుంది. అలా అనుకునేవాళ్లు గోళ్ల టీచరు క్లాసులో ఒక్క పూట కూర్చుని చూడాలి, మెడ పట్టేసి ఇంటికి పోతారు. బ్యూటీ పార్లరు పక్కనున్న ఇనుప మెట్లెక్కితే వచ్చే పొడుగాటి గది ఆమె రాజ్యం. రెండు వరసల బల్లలు, బల్లకో మెడ వంచిన దీపం, చివర ఒక వాష్ బేసిను. దాని కుళాయి ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. కిటికీ మూస్తే రంగుల వాసనకు తల తిరుగుతుంది, తెరిస్తే వీధిలో దుమ్మంతా వచ్చి తడి రంగు మీద వాలుతుంది. అందుకని టీచరు దాన్ని సగం తెరిచి, మధ్యలో పాత దువ్వెన ఒకటి ఇరికించి ఉంచేది.

ఆమె దగ్గర చేరిన అమ్మాయికి మొదటి వారం గోరన్నది కంటికి కనిపించదు. చేతికి ఒక కోడిగుడ్డు ఇస్తుంది. దాని మీద పెన్సిలుతో గీసిన గీత ఒకటి ఉంటుంది. గోళ్లు అరగదీసే గరుకు పట్టీ ఉంటుంది చూడండి, ఫైలంటారు, దానితో ఆ గీతను చెరిపెయ్యాలి, గుడ్డు మాత్రం పగలకూడదు. రంపంతో కట్టె కోసినట్టు అటూ ఇటూ లాగిన పిల్లకు ఒళ్లంతా సొనే. అది గుడ్డు కాబట్టి ఊరుకుంది, కస్టమరైతే ఊరుకుంటుందా అని టీచరు దెప్పేది. పగిలినవన్నీ మధ్యాహ్నానికి ఆమ్లెట్లయ్యేవి. బ్యాచ్ ఎంత తెలివైనదైతే ఆ వారం భోజనం అంత చప్పగా ఉంటుందని పార్లరులో వాళ్లు నవ్వుకునేవాళ్లు.

గుడ్డయ్యాక చెంచాలు. ప్లాస్టిక్ చెంచా వీపు మీద మూడే మూడు గీతల్లో రంగు నిండాలి, నాలుగో గీత గీస్తే చెంచా చెత్తబుట్టలోకి. ఆ తర్వాత కళ్లకు గంతలు. ఇద్దరిద్దరుగా కూర్చుంటే, ఒక పిల్ల గంత కట్టుకుని చెయ్యి ఇస్తుంది, రెండో పిల్ల ఫైలుతో గోళ్లు అరగదీస్తుంది. ఎక్కడ చురుక్కుమందో, ఎక్కడ ఎదుటి చెయ్యి వణికిందో గంత కట్టుకున్న పిల్ల చెప్పాలి. చెయ్యి పట్టుకున్నంతలోనే మనిషి తెలిసిపోవాలనేది టీచరు మాట. చివరి పరీక్ష మాత్రం ఆమె ఎడమచేతి మీదే. ముక్కు విరుస్తూ, ఫోనులో మాట్లాడుతూ, మధ్య మధ్య చెయ్యి లాక్కుంటూ, ఎక్కడా దొరకనంత గడుసు కస్టమరులా నటించేది. ఆ నటనకు ఏడ్చిన పిల్లలున్నారు. ఇవేవీ పుస్తకాల్లో ఉన్నవి కావు, ఒక్కొక్కటీ ఆమె బుర్ర బద్దలుకొట్టుకుని పుట్టించుకున్నవి.

ఇక ఆమె కుడిచేతి చిటికెన వేలు సంగతి చెప్పాలి. అది వంగదు. చిన్నప్పుడు దాగుడుమూతలాడుతుంటే అన్నయ్య దడాల్న వేసిన తలుపు సందులో పడి నలిగింది, అప్పటినుంచి నిటారుగానే ఉండిపోయింది. నిజానికి ఫైలు పట్టినప్పుడు ఆ వేలు వంచి కస్టమరు చేతి మీద ఆనించాలి. చేతికి అదే ఆధారం, అది లేకపోతే ఫైలు జారుతుంది. టీచరు ఆ లోటును మణికట్టుతో పూడ్చుకుంది, అందుకు ఏళ్లు పట్టింది. అందుకే ప్రతి బ్యాచ్‌కీ మొదటిరోజే వేలు ఎత్తి చూపించి, ఇది నలిగిన వేలు, నన్ను చూసి మీరూ చాపకండి అని చెప్పేసేది.

ఆ అన్నయ్యే ఒకనాడు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లకు చదువు ఒంటబట్టలేదు, నీ దగ్గర పెట్టుకుని పని నేర్పు, నీకూ తోడుంటుంది అన్నాడు. టీచరు ఒంటరి మనిషి. ఆయన మాట పూర్తికాకముందే పిల్ల పెట్టెను తనే లోపలికి మోసుకుపోయింది. పీలగా, గలగలా వాగుతూ ఉండే ఆ మేనకోడలికి పిచ్చుక అని పేరు పెట్టుకుంది. క్లాసులోకి తీసుకెళ్లకముందే ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఎదురుగా కూర్చోబెట్టుకుని పని నేర్పింది. పిచ్చుక చేతిలో విద్య ఉంది, కాదనడానికి లేదు. అత్త చెయ్యి ఎలా కదిలితే దాని చెయ్యీ అలాగే కదిలేది. ఆఖరికి చిటికెన వేలు కూడా అలాగే చాపేది. టీచరు ఒకసారి తిట్టబోయి, ముచ్చటేసి ఊరుకుంది. వేలి కథ వాళ్ల నాన్న చెప్పే ఉంటాడు, నా మీద ప్రేమకొద్దీ పిల్ల నన్ను అనుకరిస్తోంది అనుకుంది. పిల్లాజెల్లా లేని మనిషి పొంగిపోవడానికి ఆ మాత్రం చాలు మరి.

తర్వాత పిచ్చుక క్లాసులో అత్తకు కుడిభుజం అయింది. బ్రష్షులు కడగడం, చెంచాలు సర్దడం, వెనకబడ్డ పిల్లల పక్కన కూర్చోవడం అన్నీ తనే. కొత్త బ్యాచ్ మొదటిరోజు గుడ్ల కోసం బజారుకు పరిగెత్తేదీ తనే. టీచరు తన వేలు ఎత్తి చూపించే వేళకు ఆ పిల్ల ఏనాడూ గదిలో లేదు.

పార్లరు యజమానురాలిని అందరూ మేడం అనేవాళ్లు. ఆమె కొత్త బ్రాంచి తెరవబోతున్నానని, అందులో పెద్ద క్లాసుగది కట్టిస్తున్నానని, అది టీచరుకేనని ఎప్పటినుంచో చెబుతూ వస్తోంది. కారని కుళాయి, వాసన లాగేసే ఫ్యాను, పొద్దున ఎండ వచ్చే కిటికీ. టీచరుకు జీవితంలో ఇంకేం కావాలనీ లేదు. రాత్రి భోజనాలయ్యాక అత్తాకోడళ్లు బల్ల మీద ఆ గదిని కట్టేవాళ్లు. అగ్గిపెట్టెలు బల్లలు, ఉప్పు డబ్బా వాష్ బేసిను. పిచ్చుక ఒక ఎర్ర బొత్తాం తెచ్చి కిటికీ పక్కన పెట్టి, ఇది నీ కుర్చీ అత్తా అనేది. ఎవరు కదిపినా ఆ బొత్తాన్ని తిరిగి అక్కడే పెట్టేది.

ఒక మధ్యాహ్నం మేడం టీచరును పిలిచి కాఫీ తెప్పించింది. అప్పుడే అనుమానం రావాల్సింది, ఊరికే మంచినీళ్లు కూడా ఇప్పించే రకం కాదావిడ. కొత్త క్లాసుకు వేరే ట్రైనరును పెట్టుకున్నామంది. ఈ కాలపు పద్ధతులు తెలిసిన మనిషట, కెమెరా ముందు చక్కగా చేస్తుందట. పైగది మూసేస్తున్నాం, మీరిక కింద కస్టమర్లను చూసుకుంటే హాయి కదా అంది. కాఫీ మీద మీగడ కట్టింది.

"చూడండి, ఎంత కొత్తగా ఉందో," అని మేడం ఫోను ఆమె ముందుకు జరిపింది.

వీడియోలో మొహం లేదు, చేతులే ఉన్నాయి. ఒక చేతిలో కోడిగుడ్డు, గుడ్డు మీద పెన్సిలు గీత. తర్వాత చెంచాలు, ఆ తర్వాత గంతలు. మేడం మోకాళ్ల నొప్పులతో ఆ ఇనుప మెట్లు ఏనాడూ ఎక్కలేదు, పైన జరిగేదాంట్లో ఆమెకు తెలిసిందల్లా ఆమ్లెట్ల వాసనే. ఇవి నావి అని అరుద్దామని టీచరు నోరు తెరిచింది. పాత శిష్యురాలెవరో ఎత్తుకుపోయింది, దాని సంగతి తేల్చాలి అనుకుంటూ ఆ చేతుల్ని మరోసారి చూసింది. ఫైలు పట్టిన కుడిచేతికి చిటికెన వేలు నిటారుగా గాల్లోకి చాచి ఉంది.

లోకంలో అలా పట్టుకునే చేతులు రెండే. ఒకటి ఆమెది, ఆ క్షణంలో ఒళ్లోనే ఉంది. టీచరు ఫోను తిరిగి ఇచ్చేసి, చల్లారిన కాఫీ గటగటా తాగేసి లేచింది. ఎవరీవిడ అని అడగనైనా లేదు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత. ఇంటికి నడుస్తూ దారి పొడుగునా ఆమె అదే అనుకుంది. తను ముద్దలు కలిపి పెట్టిన చెయ్యి. జ్వరమొస్తే రాత్రంతా పట్టుకు కూర్చున్న చెయ్యి. ఏకు మేకై కూర్చుందని లోకం అంటే, ఎవరి ఇంట్లోనో అనుకుంది ఇన్నాళ్లూ.

సాయంత్రం పిచ్చుక బట్టలు మడత పెడుతోంది. టీచరు భోజనాల బల్ల ముందు కూర్చుని, ఒకసారి గోళ్లు అరగదియ్యవే అని ఎడమచెయ్యి చాచింది. కళ్లు మూసుకుంది. పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో వణుకు తెలిసింది.

"ఎప్పుడు చెబుదామనుకున్నావు?" అంది టీచరు కళ్లు తెరవకుండానే.

ఫైలు ఆగిపోయింది. మేడమే పిలిచి అడిగిందని, తనుగా వెళ్లలేదని, ప్రారంభం దాకా ఎవరికీ చెప్పొద్దందని పిచ్చుక గొణిగింది. తను కాదంటే ఇంకొకర్ని పెట్టుకునేవాళ్లేగా అంది.

"ఆ గుడ్డు ఎవరిదని చెప్పావు?"

"నాదని నేను చెప్పలేదత్తా. వాళ్లే అలా అనుకున్నారు."

"మరి కాదనలేకపోయావా?"

పిచ్చుక తల వంచుకుంది. "నాన్న ఒప్పుకోమన్నాడు. నీకు తనే చెబుతానన్నాడు."

టీచరు చెయ్యి వెనక్కి తీసుకుంది. మేనకోడలు చేసింది ఒక దెబ్బ, ఇది ఇంకొకటి, దీనికి ఎక్కడ పట్టుకోవాలో కూడా తెలియలేదు. అక్కడే కూర్చుని అన్నయ్యకు ఫోను చేసింది. ఆయన నీళ్లు నమల్లేదు సరికదా, చిన్నదాని బాగు నువ్వు చూడకపోతే ఎవరు చూస్తారు, నీకు వయసు మీద పడుతోంది, రేపు దాని దగ్గరే కదా నువ్వుండేది అని ధర్మపన్నాలు వల్లించాడు. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

"నా వేలి సంగతి నీ కూతురికి ఎప్పుడైనా చెప్పావా అన్నయ్యా?"

"ఏ వేలు?" అన్నాడు అన్నయ్య.

ఆమె ఫోను పెట్టేసింది. ఇన్నేళ్లుగా ప్రతి గోరు మీదా, ప్రతి గిన్నె మీదా, ప్రతి తాళం మీదా ఆమెకు అడ్డొచ్చిన వేలు అది. అమ్మ అడిగితే తలుపు గాలికి పడిందని అన్నయ్యను కాపాడింది కూడా ఆమే. ఆయనకు గుర్తే లేదు, ఇక కూతురికేం చెప్పి ఉంటాడు. ఆ సాయంత్రం ఆమె ఏడ్చింది, పిచ్చుక కోసం కాదు.

నేను వేలు ఎందుకలా చాపుతానో తెలుసా అని మేనకోడలితో ఒక్క మాట అంటే సరిపోయేది. గోటితో పోయేదే. కానీ టీచరుకు చెప్పబుద్ధి కాలేదు. మర్నాడు పిచ్చుక పెట్టె సర్దుకుని వెళ్తుంటే గుమ్మం దాకా కూడా రాలేదు. బల్ల సొరుగులో ఎర్ర బొత్తాం కనిపిస్తే తీసి సూదులడబ్బాలో పడేసింది.

కొత్త బ్రాంచి ప్రారంభానికి పనివాళ్లంతా రావాల్సిందేనని మేడం హుకుం. టీచరు ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లి వెనక వరసలో కూర్చుంది. గది తను కట్టుకున్నట్టే ఉంది. కుళాయి కారడం లేదు. కిటికీ పక్కన కుర్చీ ఉంది. పిచ్చుక నల్లటి కోటు వేసుకుని ఆ కుర్చీ పక్కన నిలబడింది, అత్తను చూసి చూపు తిప్పుకుంది. అన్నయ్య వెతుక్కుంటూ వచ్చి, ఏమీ జరగనట్టు చెల్లెలి పక్కనే చతికిలబడ్డాడు. చూశావా మన పిల్లని, అన్నాడు. మన పిల్ల అనడానికి ఆయనకు నోరెలా వచ్చిందో.

మేడం సైగ చేసింది. కొత్త విద్యార్థినులంతా ఎడమచేతిలో గుడ్లు, కుడిచేతిలో ఫైళ్లు పట్టుకున్నారు. చిటికెన వేలు నిటారుగా ఉండాలి, మన పద్ధతికి గుర్తు అదే అని పిచ్చుక గట్టిగా చెప్పింది. బల్లల వరసలన్నిటా వేళ్లు లేచాయి. ఆధారం లేని ఫైళ్లు జారాయి. ఒక గుడ్డు పగిలింది, తర్వాత ఇంకొకటి. సొన కొత్త బల్లల మీద కారుతోంది. ఫోటోలు తీసేవాళ్లు నవ్వారు.

అన్నయ్య చెల్లెలి చెవి దగ్గరకు వంగాడు. "అదేంటే, అందరూ ఆ వేలు అలా పెట్టారెందుకు?"

టీచరు కుడిచెయ్యి తీసి ఆయన మోకాలి మీద పెట్టింది. మెల్లగా పిడికిలి బిగించింది. నాలుగు వేళ్లు ముడుచుకున్నాయి, ఒకటి మిగిలిపోయింది.

"ఏ వేలని అడిగావు కదా అన్నయ్యా. ఈ వేలు. తలుపు నువ్వు వేశావు. నీ కూతురు ఇది కూడా నా విద్యే అనుకుంది."

ఆయన ఆ వేలు వంక చూశాడు, గదినిండా లేచిన వేళ్ల వంక చూశాడు, చేతులు రెండూ ఒళ్లోకి తీసుకున్నాడు. ముందు బల్ల దగ్గర పిచ్చుకకు ఆ మాటలు వినిపించాయో, తండ్రి మొహం చూసి అర్థమైందో, తన కుడిచెయ్యిని కోటు జేబులో దాచుకుంది.

టీచరు వెళ్లిపోదామనే లేచింది. గుమ్మం పక్క బల్ల దగ్గర ఒక బక్కపిల్ల మూడో గుడ్డు పట్టుకుని, వేలు నొప్పెట్టి కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. తన పిల్లలు కాదు, తన గది కాదు, పోతే పోనీ అనుకుని ఒక అడుగు వేసింది. వెనక్కి వచ్చి ఆ పిల్ల పక్కన వంగింది. బిగుసుకుపోయిన చిటికెన వేలిని తన చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా మడిచి గుడ్డు మీద ఆనించింది.

"నీది వంగుతుంది కదమ్మా," అంది. "వంచుకో."