నా జోలపాటకు ఎవరిదో ఫోటో

మా పాప పుట్టినప్పుడు నేనే రాసి పాడిన జోలపాటను పోయిన నెల ఒక కంపెనీ ద్వారా మ్యూజిక్ యాప్‌లన్నిటిలో పెట్టించాను. ఈ సాయంత్రం అమీర్‌పేటలో ఆటో ఎక్కితే డ్రైవర్ ఫోన్లో అదే పాట! ఆనందం పట్టలేక, "అన్నా, ఇది నేను పాడిందే" అన్నాను.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అతను ఫోన్ నా వైపు తిప్పాడు. పాట నాదే, పేరూ నాదే, ఫోటో మాత్రం ఎవరో ఆవిడది. నా పేరే ఉన్న ఇంకో గాయని పేజీలోకి నా పాట చేరిపోయింది.

"గీమె పాడింది మేడం. మా బిడ్డ గీ పాట పెడ్తెనే పండుకుంటది."

నమ్మించాలని పల్లవి పాడి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు.

"మస్తు పాడిన్రు మేడం. అచ్చం ఆమె లెక్కనే ఉన్నది గొంతు."

సంతోషించాలో ఏడవాలో తెలియక నవ్వేసి దిగిపోయాను. ఇంటికొచ్చి కంపెనీకి ఫిర్యాదు పెడితే, ఆ గాయని నేను కాదని రుజువు పంపమన్నారు. ఆధార్ కార్డు తీశాను. దాని మీదా అదే పేరు! ఇంకేం పంపాలో మీకెవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి.