నలుగురి ముఖాలూ కనపడేలా

ఈ ఉదయం వసంత్ కుంజ్‌లో మా బ్లాకు ముందు నీళ్ల ట్యాంకరు ఆగింది. ఎండకు కాగిన రబ్బరు పైపు వాసన కిటికీలోంచి రాగానే, ఒకప్పటి వేసవిలో పోయినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. తొమ్మిది రోజుల మనశ్శాంతి, మూడు బకెట్లు, మల్హోత్రా గారి కళ్లజోడు, కింది ఇంటికీ పై ఇంటికీ మధ్య మాటలు, తోపులాటలో నేలపాలైన నీళ్లు. చివరిదాన్ని మాత్రం కొలవలేకపోయాను.

కొలవడం నా పని. పదో తరగతితో చదువు ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. అందుకే కుళాయిలు ఎండిపోయినప్పుడు ట్యాంకరు నీళ్ల పంపిణీ నాకు అప్పగించారు. ఎనిమిది ఇళ్లు, రిజిస్టరు ప్రకారం ముప్ఫై ఒక్కమంది, రోజుకు అరవై రెండు బకెట్లు. మనిషికి రెండు. ఇంతకంటే న్యాయం ఏముంటుంది? అయినా ముందు ఎవరు పట్టుకోవాలన్న దగ్గర రోజూ గొడవే. అందరి కళ్లూ పైపు మీదే ఉండేవి. నా కళ్లు కాగితం మీద.

తొమ్మిదో రోజు సాయంత్రం మాణిక్యమ్మ గారు నా చేతిలోని కాగితాన్ని పక్కకు నెట్టారు. ఆవిడ మా కింది ఇంట్లో ఒంటరిగా ఉండే రిటైర్డ్ టైపిస్టు. ముప్ఫై ఏళ్ల వయసులోనే వినికిడి పోయింది. తెలుగైనా హిందీ అయినా పెదవులు చూసి గ్రహించేవారు.

“ఏమయ్యా లెక్కల మేష్టారూ, కాగితంతో మాట్లాడతావేం? నాకు ఒక్క ముక్కా అందట్లేదు. కుర్చీలు గుండ్రంగా వేయించు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. నలుగురి ముఖాలూ కనపడాలి నాకు.”

“చెవులు మీకు వినపడవు, శిక్ష మాకా ఆంటీ?” అన్నాను.

“మీకు వినపడి ఏం ఒరగబెట్టారు?” అన్నారు నవ్వుతూ.

పార్కులో గుండ్రంగా కూర్చున్నాం. తొమ్మిది రోజులు కొట్టుకున్న మనుషులే పావుగంటలో దారికొచ్చారు. ఎందుకా అని నాకు కుతూహలం కలిగి, చూపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ‘ఠీక్ హై’ అనేముందు ప్రతివాళ్లూ ఒకసారి ఇంకొకరి వంక చూశారు. కింది అంతస్తు మల్హోత్రా గారు తన భార్యను కాదు, తోపులాటలో తన కళ్లజోడు పగలగొట్టిన పైఇంటాయన్ని చూశారు. అతను తల దించుకున్నాక, “పెహలే ఊపర్ వాలే భర్ లేం, సీఢియాం చఢ్నీ హైం” అన్నారు. మెట్లెక్కాల్సిన వాళ్లే ముందు పట్టుకోవాలని ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఎవరికెన్ని అన్నది నా కాగితం చెప్పగలదు. నిన్ను నమ్ముతున్నానని మాత్రం ముఖమే చెప్పాలి కాబోలు.

నేను లేవబోతుంటే మాణిక్యమ్మ గారు చెయ్యి పట్టి ఆపారు. “పద్మ ఎవరినీ చూడలేదు. ఆ పిల్ల కళ్లు నీ కాగితం మీదకే మూడుసార్లు వెళ్లాయి.” తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి, “మీ ఇంట్లో ఎంతమందమ్మా?” అన్నారు.

రెండో అంతస్తులో అద్దెకుండే పద్మ కుర్చీని ఆవిడకు ఎదురుగా తిప్పుకుంది. “మా అత్తమ్మ వచ్చింది ఆంటీ. నీళ్లు బందైన రోజే. మంచం మీదనే ఉంటది. ఓనరు నలుగురికే ఇల్లిచ్చిండు. తెలిస్తే ఖాళీ చెయ్యమంటడని చెప్పలే.”

“అరే బేటీ, ఓనర్ కో కౌన్ బతాయేగా?” అన్నారు మల్హోత్రా గారు. ఓనరుకు చెప్పేదెవరని మిగతావాళ్లూ తలూపారు.

మర్నాటి నుంచి లెక్క ముప్ఫై రెండు మందికి మారింది. ఆ తొమ్మిది రోజుల పాత బాకీ కూడా తీర్చమన్నారు మాణిక్యమ్మ గారు. “ఇవాళే మోసుకెళ్లు. ఆవిడ ముఖం చూసి ఇవ్వు.” నేను సరేనని కాగితం తీశాను. ఏ ఇంటివాళ్లు ఎంత ఎక్కువ వాడుకున్నారో తేల్చడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు పొద్దున పద్మ అత్తగారిని పెద్దకొడుకు కరీంనగర్ తీసుకెళ్లాడు. ఆ చలికాలంలో ఆవిడ అక్కడే పోయారు.

మాణిక్యమ్మ గారూ ఇప్పుడు లేరు. ఏ సమావేశంలోనైనా నేను కాగితం మడిచిపెట్టి, ముందు ముఖాలు చూస్తాను. అవతలివాళ్లు ఎవరిని చూస్తున్నారో, ఎవరిని చూడటం లేదో కూడా.

ఆ బాకీ రోజుకు రెండు చొప్పున పద్దెనిమిది బకెట్లని పద్మ అనుకుంటుంది. కాదు. ముప్ఫై రెండు మందికి పంచితే ఒక్కొక్కరి వాటా కాస్త తగ్గుతుంది. బకెట్టుకు పదహారు చెంబుల లెక్కన, ఆ ఐదుగురి ఇంటికి తొమ్మిది రోజుల్లో నేను బాకీపడినవి పదిహేను బకెట్లు, మూడు చెంబులు.