పొట్టి పిన్ను

కువైట్‌లో మొదలైన బరువు ఒకటి ఇప్పటికీ నా మీద ఉంది. సామాన్లన్నీ అక్కడే వదిలి కట్టుబట్టలతో బయటపడినప్పుడు కూడా అది నాతోనే వచ్చింది. నా భార్యకు చెప్పలేదు. దేవుడికి కూడా సగమే చెప్పి, మిగతా సగం ఆయనకు తెలుసులే అని ఊరుకున్నాను. మీ ముఖం నేను చూడను, నా ముఖం మీరు చూడరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మంచివాణ్ణని అనిపించుకోవడానికి రాయడం లేదు. నాకు జరిగిన అవమానాలు కూడా ఇందులో ఉంటాయి. వాటిని వదిలేసి రాయమంటే నావల్ల కాదు. నన్ను ఎవరు ఏమన్నారో, ఎవరి ముందు అన్నారో, నేను మరిచిపోను. అది జబ్బే అనుకోండి. ఈ తప్పు ఆ జబ్బులోంచే పుట్టింది.

నాది కడప జిల్లా. లేత్ పని నేర్చుకుని కువైట్ వెళ్ళాను. అల్ రాయ్‌లో వర్క్‌షాపు. ముందు భాగంలో కార్ల పని, వెనక గదిలో తుపాకుల పని. మా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, పెద్దవయసు కువైటీ, అందరం హజ్జీ అనేవాళ్ళం. వాళ్ళ నాన్న బొంబాయితో వ్యాపారం చేసినవాడు కాబట్టి హజ్జీకి హిందీ బాగా వచ్చు. ఆయన పిచ్చి ఒకటే, పాత వేట తుపాకులు కొనడం. ఎడారి డేరాల్లో తాతల నాటి నుంచి పడి ఉన్నవి, చెక్క పగిలినవి, గొట్టం తుప్పు పట్టినవి, ఎవరూ ముట్టుకోనివి ఏరి తెచ్చేవాడు. గోడకు తగిలించుకుంటామని అడిగినవాళ్ళకు అమ్మేవాడు కాదు. మళ్ళీ వేటకు పోయే తుపాకీనే బాగుచేయిస్తానని ఆయన పట్టుదల.

చెక్క పని ఖాదరన్నది. రాయచోటి మనిషి, నాకన్నా పెద్దవాడు. బ్నీద్ అల్ గార్‌లో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఇనుము పని నాది. అరిగిపోయిన స్ప్రింగులు, బోల్టులు, ట్రిగ్గర్ నొక్కితే తూటా వెనక పొడిచే సన్నటి పిన్ను, ఇవన్నీ ఆ పాత తుపాకులకు బజారులో దొరికేవి కావు. కొలిచి, కోసి, ఆకురాయితో అరగదీసి నేనే చేసేవాణ్ణి.

పని పూర్తయ్యాక వఫ్రాలో హజ్జీకున్న తోటకు తీసుకెళ్ళేవాళ్ళం. తుపాకీని పాత టైరుకు కట్టి, గోడ వెనక నిలబడి, తాడు లాగి కాల్చేవాళ్ళం. అది సరిగ్గా పేలితే రెండోసారి హజ్జీ తన భుజానికి ఆనించుకుని కాల్చేవాడు. ఆ పరీక్ష తర్వాత ఆ తుపాకీని మళ్ళీ ఎవరూ విప్పకూడదు. అది మా దగ్గర కట్టుబాటు. కొన్నవాడు లోపలికి చూడకుండా నమ్మేది దాన్ని బట్టే.

ఇంత చేసినా తుపాకీ చూసినవాళ్ళు ముందు చెక్కను తడిమేవాళ్ళు. నూనె పట్టి మెరుస్తూ ఉండేది మరి. గొట్టం లోపల, బోల్టు లోపల ఏముందో ఎవడికి కావాలి?

హజ్జీ వాళ్ళ నాన్న తుపాకీ ఒకటి ఉండేది. దాన్ని బాగుచేయడానికి ఆ చలికాలమంతా పట్టింది. ఖాదరన్న కొత్త అక్రోట్ చెక్క కూర్చాడు. నేను పిన్ను చేశాను. మొదట చేసింది పొట్టిదైపోయింది. తూటాను అందుకోలేదు. పక్కన పడేసి ఇంకొకటి చేశాను. వఫ్రాలో అది పేలినప్పుడు హజ్జీ కళ్ళు తడిశాయి. ఆ వారమే దాన్ని దివానియాకు తీసుకెళ్ళాడు. మగవాళ్ళు సాయంత్రాలు చేరి కూర్చునే గది అది. మమ్మల్నిద్దరినీ రమ్మన్నాడు. తుపాకీ చేతులు మారుతూ గదంతా తిరిగింది. హజ్జీ ఖాదరన్న భుజం మీద చెయ్యేసి, "ఇదంతా ఇతని చేతి పని" అన్నాడు. ఖాదరన్నకు చాయ్ ఇచ్చారు, దిండు వేసి కూర్చోబెట్టారు. నాకు కారు తాళాలు ఇచ్చారు. బండి అడ్డంగా ఉందట, తీసి పక్కన పెట్టమన్నారు.

నేను ఖాదరన్న వైపు చూశాను. లోపలి పని ఇతనిది అని ఒక్క మాట అనలేడా? అనలేదు. చాయ్ తాగుతూ నవ్వుతున్నాడు. సిగ్గుపడి నవ్వాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ రోజు నాకు అలా కనిపించలేదు.

ఆ తర్వాత, తుపాకీ మళ్ళీ వచ్చే చలికాలం వేట దాకా వర్క్‌షాపు ఇనుప బీరువాలో ఉండాల్సి వచ్చినప్పుడు, ఖాదరన్న నమాజుకు పోయిన సమయం చూసి దాన్ని విప్పాను. మంచి పిన్ను తీసి పొట్టి పిన్ను పెట్టాను. మంచిదాన్ని గుడ్డలో చుట్టి నా సొరుగులో దాచాను. నా ఉద్దేశం ఇంతే. చలికాలంలో హజ్జీ స్నేహితులతో వేటకు పోతాడు. అందరి ముందు తుపాకీ పేలదు. అప్పుడు ఎంత మెరిసే చెక్కయినా ఏం చేస్తుంది? నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు. నేను కాసేపు సతాయించి, సొరుగులోంచి మంచి పిన్ను తీసి పెట్టి, పేల్చి చూపిస్తాను. ఆ తుపాకీ ఎవరి వల్ల తుపాకీ అయిందో అప్పుడు తెలుస్తుంది.

ఎవరికీ దెబ్బ తగలదు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. జింక తప్పించుకుంటుంది, అంతే గదా.

ఆ చలికాలం రాలేదు. ఆగస్టులోనే ఇరాక్ సైన్యం వచ్చింది. ఎవరి దగ్గర ఆయుధం దొరికినా కాల్చేస్తారని ఊరంతా చెప్పుకున్నారు. అల్ రాయ్‌లో గోదాములు ఒక్కొక్కటే పగలగొట్టి లారీల్లో తీసుకుపోతున్నారు. ఒక పొద్దున హజ్జీ మాసిన బట్టల్లో, పాత పికప్‌లో వర్క్‌షాపుకు వచ్చాడు. ఆయనను అలా ఎప్పుడూ చూడలేదు. వెనక గదిలోని తుపాకులన్నీ గోనెల్లో చుట్టించి, పైన ఖాళీ టమాటా పెట్టెలు పేర్పించాడు. వఫ్రా తోటలో పూడ్చిపెడతానన్నాడు. వాళ్ళ నాన్న తుపాకీని మాత్రం చుట్టనివ్వలేదు. సీటు కింద పెట్టుకున్నాడు.

"ఇది పూడ్చను. తోటలో నా దగ్గరే ఉంటుంది. ఖాదర్, ఇది వేళకు పనిచేస్తుంది గదా?" అని హిందీలో అడిగాడు.

ఖాదరన్న నన్ను చూపించాడు. "ఆ మాట ఇతన్ని అడుగు హజ్జీ. నాది పై చెక్కే. లోపల ప్రాణం పోసింది ఇతనే. ఆ రోజు దివానియాలోనే చెప్పాల్సింది, అంతమంది పెద్దోళ్ళ ముందు నాకు నోరు రాలేదు."

హజ్జీ నావైపు తిరిగాడు. మొదటిసారి నన్ను పూర్తిగా చూశాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పు బేటా. దీన్ని నమ్మొచ్చా?"

"జైన్ హజ్జీ," అన్నాను. బాగుంది అనడానికి అక్కడ అదే మాట. "ఢోకా లేదు."

సొరుగు నా చేతికి అందేంత దూరంలో ఉంది. పది నిమిషాల పని. నిజం చెప్పాల్సిన అవసరం కూడా లేదు. ఒకసారి నూనె పట్టి ఇస్తానంటే ఎవరు కాదంటారు? ఎందుకు అనలేదు? ఏళ్ళ తరబడి నన్ను నేను అడిగాను, ఒక్కోసారి ఒక్కో జవాబు వచ్చింది. భయపడ్డాను అనుకున్నాను. పరీక్షయిన తుపాకీని మళ్ళీ ఎందుకు విప్పుతున్నావని అడుగుతారని అనుకున్నాను. నేను ఆశపడిన మాట అప్పుడే నా చెవిన పడింది, దాన్ని వెంటనే పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది అనుకున్నాను. అన్నీ నిజాలే. కానీ వీటన్నిటి కింద ఇంకోటి ఉంది. అది రాయడానికే ఇంత దూరం వచ్చాను. ఎప్పుడో ఒకప్పుడు హజ్జీ చేతిలో ఆ తుపాకీ పేలకూడదని నాకు ఇంకా ఉండింది. నా చెయ్యి ఆయన చేతిలో ఉన్నప్పుడు కూడా ఉండింది. కారు తాళాలు నా చేతిలో పెట్టిన రోజును ఒక్క మంచి మాట తుడిచేస్తుందా అని నాలో ఎవడో అడిగాడు.

ఖాదరన్న గుంతలు తవ్వడానికి హజ్జీ వెంట వఫ్రాకు పోయాడు. కొన్ని రోజులకు ఒక్కడే తిరిగొచ్చాడు. చెప్పులు లేవు. పెదాలు పగిలిపోయాయి. గది తలుపు దగ్గరే కూలబడ్డాడు. నీళ్ళు తాగించాక చెప్పాడు.

సైనికులు పికప్ కోసం, గొర్రెల కోసం తోటకు వచ్చారట. హజ్జీ పంపుసెట్టు గది చాటునుంచి తుపాకీ గురిపెట్టాడట. నొక్కితే టక్కుమందట. మళ్ళీ నొక్కాడట. మళ్ళీ అదే చప్పుడు. ఆ చప్పుడుకే వాళ్ళు తిరిగి చూశారట. హజ్జీని తుపాకీ మడమలతో కొట్టి, చేతులు వెనక్కి కట్టి, లారీలో పడేసుకుని పోయారు. ఖాదరన్నను హిందీవాడివి, అంటే ఇండియావాడివి, పో అని వదిలేశారు.

చెప్పి చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"అబ్బీ, తప్పు నాదే గదా?" అన్నాడు. "ఈ ఉక్కపోతకు చెక్క ఉబ్బింటాది. బోల్టు కడదాకా పడకుండా పట్టుకొనింటాది. ఇంకొంచెం చెక్కాల్సింది నేను. అందంగా ఉండాలని బిగువుగా కూర్చినా."

నేను ఖాళీ గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోశాను.

"నువ్వు జెప్పు. లోపల సంగతి నీకే గదా తెలిసేది. చెక్క వల్లనే గదా?"

పరీక్షయ్యాక ఎవరూ విప్పరని అతనికి నమ్మకం. కట్టుబాటు తప్పేవాడు మా ఇద్దరిలో ఉంటాడని అతని ఊహకే రాలేదు. అందుకే లోపలి దోషాన్ని వదిలేసి తన చెక్కలో వెతుక్కున్నాడు.

"అయ్యుండొచ్చు అన్నా," అన్నాను.

అంతే. ఆ ఒక్క మాట. హజ్జీ విషయంలో నేను చేసింది ఒక తప్పయితే, ఇది రెండోది. ఏది పెద్దదని మీరు అడిగితే, నేను ఇదే అంటాను. మొదటిది చేసినప్పుడు ఏం జరగబోతుందో తెలియదు. రెండోది అన్నీ తెలిసి చేశాను.

ఆ తుపాకీ పేలి ఉంటే మాత్రం ఏమయ్యేది? అంతమంది సైనికుల ముందు ఒక పాత తుపాకీ. హజ్జీతో పాటు ఖాదరన్నను కూడా అక్కడే కాల్చేసేవాళ్ళేమో. ఈ లెక్క వేసుకుని కొన్ని రోజులు నిద్రపోయాను. తర్వాత అది కూడా పనిచేయలేదు. పేలుతుందో పేలదో తెలుసుకుని గురిపెట్టే హక్కు ఆయనది. నేను జైన్ అని చెప్పి దాన్ని లాగేసుకున్నాను.

బస్సుల్లో, లారీల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరాం. ఎడారి శిబిరంలో నాకు జ్వరం వస్తే ఖాదరన్న తన వంతు నీళ్ళు నాకు తాపాడు. దానికి కూడా నాకు కోపమే వచ్చింది. ఆ మనిషి మంచితనం నాకు ఊపిరాడనివ్వలేదు.

యుద్ధం అయిపోయాక నేను మళ్ళీ కువైట్ వెళ్ళాను. హజ్జీ తిరిగి రాలేదు. ఆయన శవం కూడా దొరకలేదు. వర్క్‌షాపు బోసిపోయి ఉంది. నా సొరుగును కూడా ఎవరో ఎత్తుకుపోయారు. ఖాదరన్న రాయచోటిలోనే ఉండిపోయాడు. ఉలి మళ్ళీ పట్టలేదు. మామిడికాయల మండీలో కాపలా పనికి చేరాడు. అంత చెయ్యి ఉన్నవాడు ఎందుకిలా అని ఊరివాళ్ళు అడిగితే, నా చేతి పని మీద ఒక మనిషి పోయినాడు అనేవాడట.

సెలవుకు వచ్చినప్పుడు ఒకసారి చెప్పేద్దామనే అతని ఇంటికి పోయాను. దారి పొడుగునా మాటలు కూడబెట్టుకున్నాను. ఖాదరన్న లేచి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. గదిలో అతని అల్లుడు ఉన్నాడు. అతనికి నన్ను చూపిస్తూ, "కువైట్లో నాకు హెల్పర్‌గా ఉండె. బంగారం లాంటి పిల్లోడు" అన్నాడు.

హెల్పర్!

ముసలితనం, మరపు, అల్లుడి ముందు మామ గొప్ప, ఏదైనా కావచ్చు. ఆ క్షణంలో నాకు అవేమీ కనిపించలేదు. ఒళ్ళు మండింది. కూడబెట్టుకున్న మాటలన్నీ మింగేశాను. చాయ్ తాగకుండా లేచాను. "ఏం అబ్బీ, అంత తొందరేంది? అన్నం తిని పోదువు" అని అతను వాకిలి దాకా వెంటవచ్చాడు. బస్సుందన్నాను. బస్టాండులో మధ్యాహ్నమంతా ఊరికే కూర్చున్నాను. తిరిగి పోవచ్చు. పోలేదు. అతను పిలిచిన ఆ పేరును నమిలి నమిలి ఊరికి చేరాను.

రెండేళ్ళ కింద ఖాదరన్న పోయాడు. మట్టివ్వడానికి కూడా నేను పోలేదు.

ఇప్పుడు రాస్తే ఎవరికి లాభం? హజ్జీకి లేదు, ఖాదరన్నకు లేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ పని మీది కాదు. నిజం చెప్పాలంటే, ఆ హెల్పర్ అన్న మాట ఇంత రాశాక కూడా నాకు గుచ్చుకుంటూనే ఉంది. నేను మారలేదు. కానీ ఒక మాట ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉండాలి, రాయచోటిలో ఎవరైనా చదివినా చదవకపోయినా.

ఆ చెక్క ఉబ్బలేదు. బోల్టుకు, చెక్కకు మధ్య ఖాదరన్న వదిలిన సందును పరీక్ష ముందు నేనే కొలిచాను, ఎంత ఉండాలో అంతే ఉంది. ఏ ఉక్కపోతకూ అది పట్టేసేది కాదు. నేను చూసిన చెక్క పనుల్లో అంతకన్నా మంచిది లేదు. దోషం లోపలిది. పెట్టింది నేను.