రెండు క్లచ్‌లు, ఒక గిన్నెడు మటన్ పులుసు

పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పే ఒక పెద్దమనిషి నడిరోడ్డు మీద మటన్ పులుసుతో తలంటుకున్న సంగతి చెబుతాను. ఆ పెద్దమనిషిని నేనే.

రెండేళ్ల కిందట మైదుకూరులో మా పక్కింటి దేవదానమన్న డ్యూయల్ క్లచ్ కారు కొన్నాడు. కొన్నాడే గానీ, ఎడమకాలికి పని లేని బండి తోలడానికి భయపడ్డాడు. ఆ ఆదివారం కడపలో చర్చి విందు. వాళ్లమ్మ మరియమ్మ పెద్దమ్మ పాస్టరుగారి కోసం ప్రత్యేకంగా పులుసు వండింది. కారు నేను తోలతానన్నాను. అలాంటి బండిని అంతవరకు నల్లబోర్డు మీద తప్ప తోలింది లేదు. ఆరోజు చర్చిలో బైబిలు వాక్యం చదవాల్సింది నేనే కాబట్టి ఒంటి మీద తెల్లబట్టలు.

"గేరు మార్చేటప్పుడు తూగుతాది, నిదానంగా పో నాయనా" అంది పెద్దమ్మ వెనక సీట్లోంచి, గిన్నె ఒళ్లో పెట్టుకుని.

నేను పాఠం మొదలుపెట్టాను. మామూలు కారులో క్లచ్ తొక్కగానే చక్రాలకు ఇంజను లాగుడు క్షణం పాటు తెగిపోతుంది, అందుకే మనం ముందుకు తూగుతాం. ఇందులో ఒక క్లచ్ ఒకటి, మూడు, ఐదు గేర్లను చూసుకుంటుంది. రెండోది రెండు, నాలుగు, ఆరు గేర్లను. రెండో గేరులో పోతుండగానే మూడోది సిద్ధంగా ఉంటుంది. ఒకటి వదులుతుండగానే ఇంకొకటి పట్టుకుంటుంది, లాగుడు తెగదు.

పెద్దమ్మ నమ్మలేదు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

"మూత తీసి పట్టుకో పెద్దమ్మా. చుక్క ఒలికితే నన్నడుగు."

తీసింది. యాక్సిలరేటర్ తొక్కాను. అద్దంలో చూస్తే పులుసు ప్రార్థనలో కూర్చున్న సంఘపెద్దలా కదలకుండా ఉంది.

"కదిలిందా?"

"లేదప్పా. శానా బాగుండాది."

నా పాత బండిలో నేను స్పీడు ముల్లు చూసేవాణ్ని కాదు. గేరు గేరుకీ వచ్చే కుదుపును బట్టే స్పీడు తెలిసేది. ఇందులో కుదుపే లేదు. పైగా నా కళ్లు అద్దంలోని గిన్నె మీదే ఉన్నాయి.

"ముందర స్పీడ్ బ్రేకర్ ఉండాది, చూసుకోప్పా" అన్నాడు దేవదానమన్న.

బ్రేకు మీద లేచి నిలబడ్డంత పని చేశాను. కారు ఆగింది. పులుసు ఆగలేదు. గోరువెచ్చగా నా మెడ మీదుగా తెల్లచొక్కాలోకి దిగింది. కాలరులో ఒక బొమిక కూడా దొరికింది.

ఆరోజు పాస్టరుగారి చొక్కా తొడుక్కుని వాక్యం చదివాను. ఆ చొక్కాలో నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు. భోజనాల దగ్గర పులుసు ఏమైందని ఎవరో అడిగితే, పెద్దమ్మ నా పరువు నిలబెట్టాలనే అనుకుంది.

"ఆయప్పను ఏమీ అనగాకండి. ఆయప్ప చెప్పింది నిజమే. గేరు మారినప్పుడు ఒక్క చుక్క కూడా ఒలకలేదు."

సంఘమంతా నవ్వుతుండగా, విస్తరి ముందు కూర్చునే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఇక క్లచ్‌ల గొప్పతనాన్ని నిరూపించాల్సి వస్తే గిన్నెలో మంచినీళ్లే ఉంటాయి, గిన్నె మీద మూత ఉంటుంది, స్టీరింగ్ ముందు వేరే ఎవరైనా ఉంటారు.