తమ్ముడికి గుర్తున్న నంబరు

కాజాలక్క ఇల్లెక్కడ అని అడిగితే ఆ వీధిలో ఎవరైనా కళ్ళు మూసుకుని చూపిస్తారు. ఆవిడ అసలు పేరేమిటని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. దర్జీలు కుట్టి పంపిన చొక్కాలకు చేత్తో కాజాలు తీసి, గుండీలు కుట్టడం ఆవిడ పని. ముందు పట్టీకి ఆరు, కాలరుకు ఒకటి, చేతులకు చెరొకటి. మిషను మీదైతే ఒక్కో కాజా నిమిషంలో తెమిలిపోతుంది. కానీ మిషను కాజా ఏడాది తిరక్కుండా పీచులేస్తుంది. ఈవిడ కాజా, చొక్కా చిరిగి మసిగుడ్డ అయ్యాక కూడా చెక్కుచెదరదు. అందుకే కాస్త పేరున్న దర్జీలంతా సంచులు ఈ గుమ్మంలోకే పంపుతారు.

ఒకప్పుడు ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో నలభై మందిమీద సూపర్‌వైజరు. గొంతు ఎత్తితే ఆ చివర మిషను దాకా వినబడేదట. అలాంటి మనిషి ఉద్యోగం మానేసి ముందుగదిలో కిటికీ పక్కన స్టూలేసుకుని కూర్చుంది. స్టూలు పక్కన చిన్న బల్ల, బల్ల మీద ఫోను. చెయ్యి చాపితే అందేంత దూరం. పదకొండేళ్ళుగా స్టూలూ కదల్లేదు, బల్లా కదల్లేదు, మనిషి కూడా పెద్దగా కదల్లేదు. పెళ్ళిళ్ళకు పిలిస్తే భర్తను పంపేది. బస్సుల డిపోలో మెకానిక్కు ఆయన. "మా ఆవిడ ఫోనుకి కాపలా ఉంది" అని నవ్వుతూ చెప్పేవాడు. విన్నవాళ్ళూ నవ్వేవాళ్ళు. ఇందులో నవ్వడానికి ఏముందో నాకైతే ఎప్పుడూ అర్థం కాలేదు.

ఆ కాపలా తమ్ముడి కోసం. ఆవిడకన్నా తొమ్మిదేళ్ళు చిన్నవాడు, వాళ్ళింట్లోనే ఉండేవాడు. నీళ్ళ మీటర్లు చూసి రాసుకొచ్చే ఉద్యోగం. అప్పట్లో ఫోను కావాలంటే దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి కూర్చోవాలి. నీళ్ళ శాఖవాళ్ళకైతే ముందు ఇస్తారని వాడి పేరు మీద పెట్టారు. ఫోను వచ్చిన రెండేళ్ళకు వాడికి మతి చెదిరింది. మందులు వేసుకున్నన్నాళ్ళు ఓ మూల ఒదిగి కూర్చునేవాడు. మానేస్తే కాలు నిలిచేది కాదు, ఎటో నడుచుకుంటూ వెళ్ళిపోయేవాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు నాలుగు రోజులు వెతికి పట్టుకొచ్చారు. అక్క వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ఎక్కాలు నేర్పినట్టు, ఊరి కోడుతో కలిపి తొమ్మిది అంకెలు వల్లె వేయించింది. వారం పట్టింది. ఆ తర్వాత వాడు ఉద్యోగం మరిచిపోయాడు, ఇంటి దారి మరిచిపోయాడు, ఒక్కోసారి తన పేరే మరిచిపోయాడు. ఆ తొమ్మిది అంకెలు మాత్రం మరిచిపోలేదు.

తర్వాత ఇంకో ఎనిమిదిసార్లు వెళ్ళాడు. ఎనిమిదిసార్లూ ఫోను మోగింది. ఓసారి బస్టాండులో టిక్కెట్లిచ్చే మనిషి, ఓసారి ఎక్కడో ఆసుపత్రి నర్సు, ఓసారి రోడ్డుపక్క హోటలాయన. "ఇక్కడొకాయన కూర్చున్నాడండీ, ఏమడిగినా ఈ నంబరే చెప్తున్నాడు" అనేవాళ్ళు. రెండు మూడుసార్లు వాడే చేశాడు. వాడు చేస్తే మాత్రం అవతల అక్క గొంతే వినబడాలి. బావ ఎత్తితే టక్కున పెట్టేసేవాడు. ఆవిడ ఉద్యోగం మానేసింది అందుకు.

పదోసారి వెళ్ళి పదకొండేళ్ళయింది. పోలీసు కంప్లయింటు ఇచ్చారు, ఫోటో ఇచ్చారు, కళ్ళు కాయలు కాచేలా చూశారు. మధ్యలో ఒక్కసారి, ఆరేళ్ళ కిందట, వాన పడుతున్న ఓ మధ్యాహ్నం ఫోను మోగింది. ఎత్తితే ఒకటే హోరు. ఆ హోరులోంచి, "అక్కా, తిన్నావా?" అని వినబడింది. "తిన్నాను నాన్నా, నువ్వెక్కడున్నావు?" అనేలోపు లైను తెగిపోయింది. సాయంత్రం భర్త ఇంటికి రాగానే చెప్పింది. "ఎవడో రాంగ్ నంబరే. వాళ్ళక్కని అడిగుంటాడు" అన్నాడాయన. రెండు రోజులు ఆవిడ ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ మాట అనలేదు.

ఇలా ఉండగా ఫోను కంపెనీవాళ్ళ ఉత్తరం వచ్చింది. రంగురంగుల కాగితం, పైన "అభినందనలు!" అని. పాత తీగల లైన్లన్నీ నెలాఖరుకు ఎత్తేస్తారట. ఇంటర్నెట్ ఫోనుకు మారితే గొంతు గాజులా స్పష్టంగా వినబడుతుందట. మారకపోతే నంబరు రద్దట. మన కాలు విరగ్గొట్టి అభినందనలు చెప్పడం కంపెనీలకే చెల్లింది.

మర్నాడే ఆవిడ కంపెనీ ఆఫీసుకు వెళ్ళింది. ఫోను దగ్గర భర్తను కూర్చోబెట్టి, "ఎవరన్నా చేస్తే హలో అనకండి, ఊరికే వినండి" అని మరీ చెప్పింది. కౌంటరులో ఉన్న గుమాస్తా సన్నగా, కళ్ళజోడుతో, ఎంతో మర్యాదగా ఉన్నాడు. ఇలాంటి చోట్ల చెడ్డవాళ్ళను పెట్టినా బాగుండేది, తిట్టుకునైనా కాస్త ఊరట పొందేవాళ్ళం.

"నంబరు మారదుగా బాబూ?" అంది.

"మారదమ్మా. మీ నంబరు మీకే ఉంటుంది."

ఆవిడ మూడుసార్లు అడిగింది. అతను మూడుసార్లూ విసుక్కోకుండా మారదన్నాడు. అప్పుడు ఊపిరి పీల్చుకుని, ఫారం ఇమ్మంది.

"పేరు మీదున్న ఆయన్ని తీసుకురండమ్మా. వేలిముద్ర పడాలి."

"ఆయన లేడు బాబూ."

"అయ్యో, పోయారా? అయితే మరణ ధ్రువపత్రం తెండి. మీ పేరు మీదకి మార్చేస్తాను."

"పోలేదు. కనబడటం లేదు."

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ ఫారంలో అలాంటి మనిషికి గడి లేదు. లోపలికి వెళ్ళి ఎవరినో అడిగి వచ్చాడు. పాపం, మంచివాడే. "పోలీసు కంప్లయింటు ఉండి, ఏడేళ్ళపాటు ఏ కబురూ లేకపోతే, పోయినట్టే లెక్కని కోర్టులో రాసిస్తారమ్మా. మీరు దరఖాస్తు పెట్టి ఆ కేసు నంబరు చూపించండి, మీ లైను ఆర్నెల్లు తియ్యకుండా ఆపుతాను. అంతకుమించి నా చేతుల్లో లేదు" అన్నాడు.

ఇంటికి వచ్చి చెబితే భర్త చాలాసేపు చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"వదిలేద్దామే. సెల్లుంది కదా మనకి" అన్నాడు చివరికి.

"సెల్లు నంబరు వాడికి తెలుసా?"

ఆయన చేతిలో గుడ్డ పక్కన పడేశాడు. "పోనీ రాసిచ్చెయ్యి. కాగితం మీద పోతే మనిషి పోతాడా? వాడు ఫోను చేసిన రోజున మనమే వెళ్ళి, తప్పయింది బాబూ, బతికే ఉన్నాడని చెప్పొద్దాం" అన్నాడు.

"మరి ఆరేళ్ళ కిందటి ఫోను?"

"ఏ ఫోను?" అని, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

"ఏడేళ్ళు ఏ కబురూ లేదని రాయాలిట. నాకు కబురొచ్చింది కదండీ."

"అయితే ఇంకో ఏడాది ఆగాలి. వాళ్ళు ఆపేది ఆర్నెల్లేగా."

వారం రోజులు ఆవిడ మనసు ఒకచోట నిలవలేదు. రాయకపోతే ఫోను పోతుంది, వాడు చేసినా మోగదు. రాస్తే ఫోను ఉంటుంది, కానీ వాడు పోయాడని తన చేత్తో తనే సంతకం పెట్టాలి. ఆ వారంలోనే, జీవితంలో మొదటిసారి, మగవాళ్ళ చొక్కాకు ఎడమవైపు తియ్యాల్సిన కాజాలు కుడివైపు పట్టీ మీద తీసింది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కాజాకు గుడ్డ కోసేశాక చేసేదేముంది? దర్జీ ముఖం చూడలేక కొత్త గుడ్డ తనే కొనిచ్చింది. ఆ మర్నాడు కోర్టుకు వెళ్ళి దరఖాస్తు పెట్టి, కేసు నంబరు గుమాస్తాకు చూపించి వచ్చింది.

ఆవిడ వంతు వచ్చేసరికి అయిదో నెల నడుస్తోంది. కోర్టంటే ఆవిడ ఏదో ఊహించుకుంది కానీ, అదొక మామూలు గది, రెండు ఫ్యాన్లు, ఒకటి తిరగడం లేదు. జడ్జిగారు నడివయసు ఆవిడ. కాగితాలన్నీ ఓపిగ్గా చదివి తలెత్తింది.

"ఈ పదకొండేళ్ళలో ఉత్తరం గానీ, ఫోను గానీ, మనిషి చేత గానీ ఏదైనా కబురు వచ్చిందా అమ్మా?"

"లేదండి."

"ఒక్కసారి కూడా?"

వెనక బెంచీ మీద భర్త తల దించుకున్నాడు.

"ఒక్కసారి కూడా రాలేదండి" అంది ఆవిడ.

ఆరేళ్ళుగా ఆవిడ ఆ ఒక్క మాట మీద బతికింది. "అక్కా, తిన్నావా?" అన్నది వాడే అని దేవుడు దిగివచ్చి కాదన్నా ఒప్పుకునేది కాదు. అలాంటిది నలుగురి ఎదుట, నిలబడి, ప్రమాణం చేసి, అసలది రాలేదని చెప్పింది. బయటికి వచ్చాక భర్త టీ తెచ్చి చేతిలో పెట్టాడు. అది చల్లారిపోయేదాకా అలాగే పట్టుకుని నిలబడింది. వాడు తన ముందు కూర్చుని ఉండగా చంపినట్టుంది ఆవిడకు.

కోర్టువాళ్ళు తీర్పిచ్చిన తేదీనే చనిపోయిన తేదీగా వేశారు. ఆ కాగితం చూపిస్తే గుమాస్తా అరగంటలో ఫోను ఆవిడ పేరు మీదకు మార్చాడు. మరణం సంగతి అబద్ధమని తేలితే కనెక్షను రద్దవుతుందన్న చోట కూడా సంతకం పెట్టించుకున్నాడు. అది అందరి చేతా పెట్టించుకునేదేనన్నాడు.

రెండు రోజుల్లో మనుషులు వచ్చి పాత తీగ స్తంభం దాకా పీకి, చుట్ట చుట్టి పట్టుకుపోయారు. గోడకు ఓ తెల్లటి పెట్టె బిగించారు. కరెంటు పోతే ఫోను పలకదన్నారు. "ఆ మాత్రానికేముంది!" అని భర్త డిపో నుంచి పాత బస్సు బ్యాటరీ ఒకటి మోసుకొచ్చి, దాన్ని బాగుచేసి పెట్టెకు తగిలించాడు. ముందుగదిలో నడవడానికి చోటు మిగల్లేదు. ఆవిడ మాత్రం చాలా కాలానికి నవ్వింది. రిసీవరెత్తి చెవిన పెట్టుకుంటే హోరే లేదు. వాడు ఈసారి చేస్తే ఎక్కడున్నాడో చెప్పేదాకా వినబడుతుంది కదా అనుకుంది.

మూడోరోజు సాయంత్రం భర్త గుమ్మంలోనే అరిచాడు.

"మధ్యాహ్నం ఎక్కడికి పోయావే? డిపో నుంచి నాలుగుసార్లు చేశాను."

"నేనెక్కడికీ పోలేదు. ఫోనే మోగలేదు."

ఆయన సెల్లు తీసి, ఇరవై ఏళ్ళుగా నొక్కుతున్న నంబరే నొక్కాడు. బల్ల మీద ఫోను ఉలకలేదు, పలకలేదు. సెల్లులోంచి ఎవరో ఆడమనిషి గొంతు, తీయగా, తీరిగ్గా చెప్పింది. "మీరు కోరిన నంబరు మార్చబడింది. దయచేసి నంబరుకు ముందు నాలుగు అంకె చేర్చి మళ్ళీ ప్రయత్నించండి." ఆయన ఊరి కోడు తర్వాత నాలుగు చేర్చి నొక్కాడు. బల్ల మీద ఫోను గణగణా మోగింది. ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు. ఎవరూ ఎత్తలేదు.

పొద్దున్నే ఆఫీసు తలుపులు తీసే వేళకు ఆవిడ కౌంటరు ముందుంది.

"నంబరు మారదన్నావు కదా బాబూ!"

"మారలేదమ్మా, అదే నంబరు" అన్నాడు గుమాస్తా. నిజంగానే అలా అనుకుంటున్నాడు. "ముందు నాలుగు చేరింది, అంతే. ఇంటర్నెట్ ఫోన్లన్నిటికీ చేరుతుంది. ఉత్తరం వెనక పేజీలో వేశాం. మీవాళ్ళకి ఒక్కమాట చెప్పేస్తే సరిపోతుంది."

"ఆ నాలుగు తీసెయ్యి."

"అది ఇక్కడ చేసే పని కాదమ్మా."

"పోనీ పాత లైనే ఇచ్చెయ్యి."

"ఇంకెక్కడి లైను? మీ వీధిలో తీగే లేదు."

ఆవిడ కౌంటరు అంచు గట్టిగా పట్టుకుంది. "అయితే, ఆ నంబరు నొక్కితే ఒకమ్మాయి మాట్లాడుతోంది చూడు, ఆ మాటలు నా చేత చెప్పించు. నేను చెప్తాను. వేరే గొంతు వినబడితే కొందరు భయపడి పెట్టేస్తారు బాబూ."

గుమాస్తాకు జాలేసింది. ఆ గొంతు అందరికీ ఒకటేననీ, అది కూడా మూడు నెలలేననీ, ఆ తర్వాత ఆ నంబరు ఎవరు నొక్కినా ఏమీ వినబడదనీ నచ్చజెప్పాడు. అంతటితో ఊరుకోకుండా సొరుగులోంచి ఓ ఫారం తీశాడు.

"ఒక పని చేద్దాం. పాత నంబరు కూడా ఉంచమని పైకి రాస్తాను. ఆస్పత్రులకీ వాటికీ ఒకటి రెండుసార్లు ఇచ్చారు. కారణం ఉండాలి. పాత నంబరు ఒక్కటే తెలిసినవాళ్ళు, కొత్తది చెప్పడానికి కుదరనివాళ్ళు ఎవరన్నా ఉన్నారామ్మా? పేరూ, మీకేమవుతారో చెప్పండి. రాసేస్తాను."

కలం పట్టుకుని ఎదురుచూశాడు. ఆవిడ నోరు తెరిచింది. అతని మోచేతి కింద ఆవిడ ఫైలు తెరిచే ఉంది. పైన కోర్టు కాగితం, తమ్ముడి పేరు, చనిపోయిన తేదీ. దాని కింద ఆవిడ పెట్టిన సంతకం. ఉన్నాడంటే ఉన్న ఫోను కూడా పోతుంది. నోటిదాకా వచ్చిన వాడి పేరును గుటక వేసి మింగేసింది.

"చెప్పండమ్మా, ఎవరు?"

"ఎవరూ లేరు బాబూ."

గుమాస్తా ఆ గడిలో అడ్డంగా ఒక గీత గీశాడు. ఫారం ఆవిడ వైపు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.